తీరిక లేని సాంచె, తీరని చింత

షోలాపూరు తూర్పు భాగములో ఒక యింటి మాట ముందుగా చెప్పి, తరువాత విషయానికి వస్తాను. పేరు అనవసరం. ఆయన తువాళ్ళు నేసే కార్ఖానాలో పని చేస్తాడు. ఇరవై యేళ్ళుగా సాంచెల మధ్య నిలబడినవాడు. పోగు తెగితే చప్పుడును బట్టి పోల్చుకోగలడని తోటివారు చెప్పుకునేవారు. అటువంటివాడి గుడ్డలో గత సంవత్సరం తప్పులు మొదలైనవి. పోగు తెగిన చోట చారలు, పేక దాటిపోయిన చోట సందులు. సేఠు కూలిలో కోత పెట్టినాడు. బీము మంచిది కాదని ఈయన అన్నాడు. నూలు మంచిది కాదన్నాడు. అదే నూలుతో పక్క సాంచెల మీద గుడ్డ శుభ్రంగానే దిగుతున్నది.

ఒకనాడు ఆయన భార్య మా యింటికి వచ్చినది. డబ్బు అడగడానికి వచ్చినదేమో అనుకున్నాను. "అన్నా, ఆయనకు చూపు తగ్గినట్టున్నది. ఒక్కసారి కండ్ల డాక్టరుకు చూపిస్తవా" అన్నది. తీసుకుపోయినాము. కళ్ళు బాగానే వున్నవి. తిరిగి వచ్చేటప్పుడు టీ దుకాణం దగ్గర కూర్చోబెట్టి అడిగితే, చాలాసేపటికి నోరు విప్పినాడు. పెద్దమ్మాయి పెండ్లికి సేఠు దగ్గర బాకీ తీసుకున్నాడు. అది చాలక మరొకచోట వడ్డీకి తెచ్చినాడు. నాడె అటు పోయినప్పుడు ఒక లెక్క, ఇటు వచ్చినప్పుడు ఒక లెక్క అని చెప్పినాడు. కళ్ళు సాంచె మీదనే వుంటవి, చూసేవాడు మాత్రం అక్కడ లేడు.

మన వృత్తివారిలో ఇది క్రొత్త సంగతి కాదు. కాని దీనిని మనం జబ్బుగా గాని, పనికి సంబంధించిన విషయంగా గాని ఎన్నడూ లెక్కించలేదు. నూలు ధర, విద్యుత్తు ఛార్జీ, కూలి రేటు—వీటిని గురించి సంఘంలో గంటల తరబడి మాట్లాడుతాము. నేసేవాడి మనస్సును గురించి మాట వస్తే, "ధైర్యంగా ఉండాలె" అని ఒక్క మాటతో ముగిస్తాము. చితికీ చింతకూ ఒక్క సున్నయే తేడా అని పెద్దలు చెప్పినారు. మంచి మాటే. అయితే ఆ సున్నను కూలి పట్టీలో ఎవరు వేస్తున్నారో అడిగినవారు తక్కువ.

చింత మనిషి బుద్ధిని ఎట్లా తినివేస్తుందో ఈ మధ్య కాలంలో మన దేశములోనే కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు పరీక్షించి చూసినారు. తమిళనాడులో చెరకు రైతులను 464 మందిని తీసుకొని, కోతకు ముందు ఒకసారి, కోత అయి డబ్బు చేతికి వచ్చిన తరువాత ఒకసారి, అవే రకపు లెక్కలూ పొడుపులూ యిచ్చి పరీక్షించినారు. మనిషి అతడే, చదువు అదే. కాని కోతకు ముందు, చేతిలో డబ్బాడక వస్తువులు తాకట్టు పెట్టుకునే రోజులలో, అతడు నెమ్మదిగానూ తప్పుగానూ జవాబులు చెప్పినాడు. డబ్బు వచ్చిన తరువాత అదే మనిషి చురుకుగా చెప్పినాడు. సెంథిల్ ములైనాథన్ ప్రభృతులు ఈ ఫలితాలను 2013లో 'సైన్స్' పత్రికలో ప్రకటించినారు. బీదవాడు తెలివితక్కువవాడు కాడనీ, బీదతనపు చింత తెలివిలో కొంత భాగాన్ని అద్దెకు తీసుకొని ఖాళీ చేయడం లేదనీ దాని సారాంశం.

ఒడిశాలో జరిగిన పరీక్ష మనకు ఇంకా దగ్గరిది. అక్కడ ముక్కకు ఇంత చొప్పున కూలి తీసుకొని ఆకు విస్తళ్ళు కుట్టేవారు పాల్గొన్నారు. కూలి రేటు మార్చలేదు, మొత్తమూ మార్చలేదు. కొందరికి మాత్రం రావలసిన కూలిలో కొంత ముందుగా చేతికి ఇచ్చినారు. వారు ఆ డబ్బుతో వెంటనే అప్పులు తీర్చుకున్నారు, ఇంటికి కావలసినవి కొనుక్కున్నారు. ఆ తరువాతి రోజులలో వారి పని సుమారు 7 శాతం పెరిగినది. అంతకన్న మనం గమనించవలసినది మరొకటి: చేతి పనిలో పొరపాట్లు తగ్గినవి. ఎక్కువ ఇబ్బందిలో వున్నవారిలోనే ఈ మార్పు ఎక్కువగా కనిపించినది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తువాళ్ళ నేతగాడే కళ్ళముందు నిలిచినాడు. తప్పు పడినదని కోత పెడితే చింత పెరుగుతుంది, చింత పెరిగితే తప్పు పడుతుంది, మళ్ళీ కోత. సేఠుకు చెడ్డ గుడ్డ, పనివాడికి తక్కువ పగారు. ఎవరికీ లాభం లేని ఈ చక్రాన్ని క్రమశిక్షణ అనే పేరుతో మన కార్ఖానాలలో నడుపుతున్నాము. సేఠులలో కూడా మనవారే చాలామంది వున్నారు గనుక, ఈ మాట వారికి కోపం తెప్పించడానికి కాదు, లెక్క చూసుకోవడానికి చెబుతున్నాను.

ఇక తీరిక సంగతి.

మన తాతలు గుంటమగ్గాల మీద కూర్చున్న రోజులలో తీరిక అనే మాట ప్రత్యేకంగా వినబడేది కాదు. పని ఎక్కువ, కూలి తక్కువ, ఆకలి రోజులూ ఉండేవి. ఆ కాలాన్ని బంగారు కాలమని నేను చెప్పను. కాని పని లోపలనే కొన్ని ఆగే చోట్లు వుండేవి. వాన పట్టితే గుంటలోకి చెమ్మ వస్తుంది, పడుగు మెత్తబడుతుంది, గంజి ఆరదు. మగ్గం నిలపక తప్పదు. చాలా ఊళ్ళలో అమావాస్యనాడు నాడె ముట్టేవారు కారు. తెల్లవారుజామున వీధిలో పడుగు చాపి గంజి పెట్టేటప్పుడు నాలుగిళ్ళవారు కలిసేవారు. కుంచె ఒకరి చేతిలో, మాట అందరి నోళ్ళలో. ఇంట్లో ఆడవారు కండెలు చుడుతూ వుంటే, మగ్గం మీద వున్నవాడు పాటో కథో అందుకొనేవాడు. మధ్యాహ్నం తిన్న తరువాత మగ్గం పక్కనే ఒక కునుకు తీస్తే అడిగేవాడు లేడు. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల వీధులలో గాని, సేలం వైపు తెలుగు మాట్లాడే నేతవారి ఇండ్లలో గాని, చేతిమగ్గం వున్నచోట ఈ ఆగే చోట్లు కొన్ని ఇప్పటికీ మిగిలి వున్నవి. అయితే వారికి చింత మరొక దారిని వస్తున్నది. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనలో, మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాలకు నెల ఆదాయం 5000 రూపాయలకు లోపే అని తేలినది. ఆ ఆదాయంతో తీరిక వున్నా, ఆ తీరికలో మనిషి చేసేది లెక్కలు వేసుకోవడమే.

సాంచెకు వాన లేదు, అమావాస్య లేదు. షోలాపూరులోను, భివండిలోను పన్నెండు గంటల పాళీ నడిచే కార్ఖానాలు ఎన్నో వున్నవి. వారానికి ఆరు రోజులు వేసుకున్నా 72 గంటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటలు దాటకుండా ఒక అరగంట విరామం అని వ్రాసి వుండినది. పెద్ద మిల్లులలో మన పూర్వులు ఆ హక్కును అనుభవించినారు కూడా. మిల్లులు మూతపడి పని చిన్న చిన్న షెడ్లలోకి వచ్చిన తరువాత, పదిమందికి తక్కువ వున్నచోట ఆ చట్టం గడప దాటలేదు. ఇప్పుడు ఆ చట్టం స్థానే క్రొత్త కార్మిక స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చినది. దానిలోనూ గంటల పరిమితి వున్నది, వారానికొక సెలవు వున్నది. చిన్న షెడ్డు గడప అదైనా దాటుతుందా అన్నదే ప్రశ్న.

వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారిని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క ప్రకటించినవి. 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే వీరికి పక్షవాతపు ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ అని. మనవారు అందులో ఏ మెట్టు మీద వున్నారో 72 గంటలే చెబుతున్నవి.

కాని శరీరం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. సాంచెల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్ళు దాటుతుంది. అక్కడ మాట వుండదు, సైగ వుంటుంది. పన్నెండు గంటలు మాట లేకుండా, ఒకవేళ వున్నా అరుపుగా వుండి, ఆ మనిషి ఇంటికి వస్తాడు. చెవులు మందగించి వుంటవి. ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడుతాడు. పిల్లలు అది కోపమనుకుంటారు. భార్య నెమ్మదిగా చెప్పినది అతడికి వినబడదు. తనకు తెలియకుండా ఏదో మాట్లాడుకుంటున్నారని అనుమానపడతాడు. రాత్రి పాళీ వారమైతే పిల్లలు బడికి పోయేటప్పుడు నిద్ర, వారు వచ్చేసరికి బయలుదేరడం. ఇట్లా నెలలు గడిస్తే, ఒకే గదిలో వున్నవారు ఒకరికొకరు పాతికమైళ్ళ దూరంలో వున్నట్లవుతుంది. ఆ తువాళ్ళ నేతగాడి చిన్నమ్మాయి, తండ్రి ఇంట్లో వుంటే పుస్తకం పట్టుకొని మెట్ల మీద కూర్చొనేదట. అది ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఏమి చేయాలో తెలియలేదని చెప్పినాడు.

ఇంతటి బాధను మనవారు మనోవ్యాధి అని పేర్కొనరు. తలనొప్పి అంటారు, గుండెదడ అంటారు, కడుపులో మంట అంటారు, నిద్ర పట్టదంటారు. మందుల దుకాణంలో ఏదో మాత్ర తెచ్చుకుంటారు. కొందరు పాళీ దిగగానే సారా దుకాణానికి పోతారు. అది ఒక గంట చింతను ఆపి, మరునాటికి రెండింతలు చేసి అప్పజెబుతుంది. సిరిసిల్లలో 2000 తరువాతి సంవత్సరాలలో ఎందరో నేత కార్మికులు ఆత్మహత్య చేసుకున్న వార్తలు మన ఊళ్ళకు వచ్చినప్పుడు, ఇక్కడ ప్రతి వీధిలోనూ చుట్టమో పక్కమో వున్నవారు ఏడ్చినారు. ఆనాడు పత్రికలు అప్పులను గురించి, పని లేకపోవడాన్ని గురించి వ్రాసినవి. అది నిజమే. కాని ఆ అప్పుకూ, ఆ చివరి రోజుకూ మధ్య ఎన్నో నెలల నిద్రలేమి, మౌనం ఉండి వుంటవి. వాటిని గుర్తించేవారు పక్కన వుంటే కొందరైనా మిగిలేవారేమో.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పని తగ్గితే తీరిక వస్తుంది కదా అని. రాదు. పని లేకపోవడం వేరు, తీరిక వేరు. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌను పెట్టినప్పుడు సాంచెలు వారాల తరబడి నిలిచిపోయినవి. భివండిలో పని చేసే మనవారు తెలంగాణములోని తమ ఊళ్ళకు చేరడానికి పడిన పాట్లు అందరికీ తెలుసు. అన్ని రోజులు చేయి ఖాళీగా వున్నది. ఒక్క పూట కూడా విశ్రాంతి అనిపించలేదని వారే చెబుతారు. ముక్క కూలివాడికి ఆగిన ప్రతి గంటా కూలి పోయిన గంటే. అందుచేత ఆదివారం నాడు కూర్చున్నా అతడి చెయ్యి నిలిచిన సాంచె వైపే లాగుతుంది. తీరిక అంటే రేపటి కూలికి ముప్పు లేదన్న నమ్మకంతో ఆగడం. ఆ నమ్మకం లేనిచోట సెలవు కూడా చింతగానే మారుతుంది.

నిద్రను గురించి చెన్నైలో జరిగిన ఒక పరీక్ష ఈ సంగతినే మరొక వైపు నుంచి చూపింది. తక్కువ ఆదాయంగల 452 మందిని తీసుకొని చూడగా, రాత్రి ఎనిమిది గంటలు పడకమీద వున్నా నిద్ర అయిదున్నర గంటలే పడుతున్నది. వేడి, చప్పుడు, దోమలు. పరుపులూ కళ్ళగంతలూ ఇచ్చి రాత్రి నిద్రను సుమారు అరగంట పెంచితే, పనిలో గాని మనస్సులో గాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాని పనిచోటనే మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిస్తే పని చురుకు పెరిగినది, మనస్సు తేలికపడినది. 2021లో ఈ ఫలితాలు అచ్చయినవి. మన తాతలు మగ్గం పక్కన తీసిన కునుకుకు ఇంతకాలానికి శాస్త్రం సాక్షి పలికినది. అయితే ఒక మాట దాచకూడదు: కునుకు తీసినవారు ఆ అరగంట పని చేయలేదు గనుక, ఆపకుండా పని చేసినవారికన్న వారి మొత్తం కూలి కొంత తగ్గింది. అందుకే "నువ్వే కాస్త విశ్రాంతి తీసుకోరాదా" అని పనివాడికి చెప్పడం దండుగ. ఆ అరగంటను కార్ఖానా లెక్కలో వేసుకోవాలి.

మా పేటలో కొన్ని ప్రయత్నాలు చేసినాము. పెద్దవి కావు. పగారు ఇచ్చే రోజు మారకుండా ఒకటే రోజుగా పెట్టమని కొందరు సేఠులను ఒప్పించినాము. ఎంత వస్తుందో కన్న ఎప్పుడు వస్తుందో తెలిస్తేనే సగం చింత తగ్గుతుందని ఆడవారు చెప్పినారు. బాకీ కోతను జూన్ నెలలో, అనగా బడులు తెరిచే రోజులలో, నిలిపి తరువాత పట్టుకోమని అడిగినాము. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావారు చూస్తామన్నారు. ఒక షెడ్డులో పక్క పక్క సాంచెలవారు ఒప్పందం చేసుకొని, ఒకరి సాంచెలను ఇంకొకరు ఇరవై నిమిషాలు చూసుకొని, వంతులవారీగా పక్కకు పోయి నడుము వాల్చుతున్నారు. మొదట గొణిగిన సేఠు, గుడ్డ చెడడం లేదని చూసి ఊరుకున్నాడు.

మరొక సౌకర్యం గురించి చాలామందికి తెలియదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోను సేవ ప్రారంభించినది. 14416 నంబరుకు ఫోను చేస్తే ఏ వేళనైనా డబ్బు లేకుండా మనస్సుకు సంబంధించిన బాధలు చెప్పుకోవచ్చును; తెలుగులో కూడా మాట్లాడవచ్చును. మరాఠీ, కన్నడం, ఒడియా మధ్య బ్రతికే మనకు ఇది చిన్న సంగతి కాదు. బజారులో బేరం మరాఠీలో ఆడగలము గాని, గుండెలోని మాట చెప్పుకోవడానికి తల్లిభాషే కావాలి. జిల్లా స్థాయిలోనే మానసిక వైద్యం చేయవచ్చునని ఈ దేశానికి తోవ చూపినది 1980ల బళ్ళారి జిల్లాయే, బెంగుళూరు నిమ్హాన్సు వారి పూనికతో. అక్కడ మన తెలుగువారు ఎందరో వున్నారు. అందుచేత పిచ్చివారే ఆ డాక్టరు దగ్గరకు పోవాలన్న మాట మనలో ఇంకా వినిపించడం సిగ్గుచేటు. నిద్ర లేక పదిహేను రోజులు గడిచినవాడు, పిల్లల ముఖం చూడడానికి మనస్సు రానివాడు, బ్రతకడం దేనికి అని ఒక్కసారైనా నోటివెంట అన్నవాడు—ఎవరైనా సరే పోవచ్చును. తోడు పోవడానికి సంఘం నుంచి ఒకరు వస్తారు. పేరు బయట పెట్టము.

తువాళ్ళ నేతగాడి సంగతి అడుగుతారేమో. ఆయన సేఠు వారం వారం పట్టే కోతను సగం చేసినాడు. బయట వడ్డీ అప్పును సంఘ పతసంస్థ ద్వారా తక్కువ వడ్డీకి మార్చినాము. రెండు నెలలలో గుడ్డలో తప్పులు తగ్గినవి. రాత్రి పాళీ వారం మాత్రం ఇంకా నిద్ర సరిగా పట్టదంటాడు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయస్వామి రథోత్సవంలో చిన్నమ్మాయిని భుజాన ఎక్కించుకొని జనంలో నిలబడి వుండగా చూసినాను. ఆ రోజు సాంచెలన్నీ నిలుస్తవి గనుక చప్పుడు లేదు, నెమ్మదిగానే మాట్లాడుతున్నాడు.

ఆ తరువాత ఒకనాడు సంఘంలో వారపు సెలవును గురించి చర్చ పెట్టినాము. అందరూ సేఠులను ఎట్లా ఒప్పించాలా అని మాట్లాడుతున్నారు. ఆయన భార్య వెనక వరుసలో కూర్చొని వున్నది. రోజుకు వేయి బీడీలు చుట్టి, వండి, నీళ్ళు పట్టి, పిల్లలను చూసుకొనే మనిషి. లేచి ఒక్కటే అడిగినది: "సాంచెకు సెలవు మంచిదే అన్నా. ఆ రోజు నా బీడీ చాట కూడా కింద పెట్టొచ్చునా?" అధ్యక్షుడు నా వైపు చూసినాడు, నేను కార్యదర్శి వైపు చూసినాను. వచ్చే సమావేశపు విషయాలలో ఆ ప్రశ్నను మొదటిదిగా వ్రాసుకున్నాము.